తూము పైన ఉన్న గది

జలుబు అందరికీ చేస్తుంది. చాలామందికి వారం పది రోజుల్లో దానంతట అదే పోతుంది. కొందరికి మాత్రం పోయినట్టే పోయి తిరగబెడుతుంది. ముక్కు దిబ్బడ వేస్తుంది. బుగ్గల్లో, కనుబొమల మధ్య బరువుగా ఉంటుంది. చిక్కటి చీమిడి వెనకనించి గొంతులోకి జారుతుంది. పోపు ఘాటు కూడా ముక్కుకి తెలియదు. మందులు మింగితే నెమ్మదిస్తుంది. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ అదే వరస. ఇలా ఏళ్లు గడిచాక ఎవరో స్కాన్ తీయించమంటారు. ముక్కు దూలం వంకరగా ఉందని రిపోర్టులో రాసి ఉంటుంది. ఇక ఇంటిల్లిపాదికీ సమాధానం దొరికినట్టే. దూలం వంకర, అందుకే సైనస్. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఆ కొంత ఎంత అన్నదే ఈ ప్రసంగం. నేను చెప్పబోయేది ఒక్కటే విషయం. మాటిమాటికీ తిరగబెట్టే సైనస్ జబ్బులో ముందు అడగాల్సింది ఎముక వంకరగా ఉందా అని కాదు. లోపలి గదుల తూము తెరిచి ఉందా, చీమిడిని ఆ తూము దాకా తోసుకెళ్లే పొర సరిగా పని చేస్తోందా అని.

ముందు ఆ గదులు ఎక్కడున్నాయో చూద్దాం. కంటికి కింద, ముక్కుకి పక్కన, బుగ్గ ఎముక మీద ఒకసారి వేలు పెట్టండి. ఆ ఎముక గట్టిగా తగులుతుంది. కానీ దాని వెనక బోలు. అక్కడ ఒక గాలి గది ఉంది. ఇటువైపు ఒకటి, అటువైపు ఒకటి. పెద్దవాళ్లలో ఒక్కో గదిలో సుమారు 15 మిల్లీలీటర్ల గాలి పడుతుంది. అంటే మూడు టీ చెంచాలు. ఇప్పుడు వేలు నుదుటి మీదికి జరపండి. కనుబొమల పైన మరో జత. రెండు కళ్లకీ నడుమ, ముక్కు మొదట్లో, ఒక్క గది కాదు, చిన్న చిన్న గూళ్లు బోలెడు. నాలుగో జతకి వేలు అందదు. అది తల మధ్యలో, పుర్రె అడుగున ఉంది. ఈ గదులన్నిటినీ కలిపి సైనస్‌లు అంటారు. పుట్టినప్పుడు ఇవన్నీ ఈ సైజులో ఉండవు. బుగ్గ గది పసిబిడ్డలో చిన్నగా ఉండి, వయసుతో పాటు, పాల పళ్లు పోయి గట్టి పళ్లు వచ్చే కొద్దీ పెరుగుతుంది. నుదుటి గదికి ఆకారం రావడానికి ఇంకా ఆలస్యం. అందుకే మూడేళ్ల పిల్లాడికి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి సైనస్ తలనొప్పి అని తేల్చడం తొందరపాటు. ఈ గదులు ఎందుకున్నాయన్న దాని మీద వైద్యశాస్త్రంలో ఇప్పటికీ వాదోపవాదాలు జరుగుతూనే ఉన్నాయి. తల బరువు తగ్గించడానికని కొందరు, గొంతు గమకానికని కొందరు. ఆ వాదన తేలకపోయినా మనకి ఇబ్బంది లేదు. మనకి కావలసింది ఆ గదులకి తలుపు ఎక్కడుందన్నది.

ఇక్కడే అసలు చిక్కు. మన ఇళ్లలో స్నానాల గది కట్టేటప్పుడు మేస్త్రీ నేలకి వాలు ఇస్తాడు. నీళ్లన్నీ ఒక మూలకి చేరి, అడుగున ఉన్న తూములోంచి బయటికి పోతాయి. ఇప్పుడు ఆ తూము నేల మీద కాకుండా, కప్పుకి జానెడు కిందుగా గోడలో ఉందనుకోండి. నీళ్లు వాటంతట అవి పోవు. ఎవరో ఒకరు రాత్రింబగళ్లు చీపురు పట్టుకుని, నేల మీది తడిని గోడ వెంట పైకి తోస్తూ, తూములోకి పంపుతూ ఉండాలి. బుగ్గ సైనస్ అచ్చం అలాంటి గది. దాని తూము ముక్కు వైపు గోడలో, పై అంచుకి దగ్గరగా ఉంది. వెడల్పు సాధారణంగా రెండు మూడు మిల్లీమీటర్లు. మనం నిలబడితే తూము పైన, తడి కింద. మరి ఊడ్చేది ఎవరు? ఆ గది లోపలంతా పలచని పొర ఒకటి పరచుకుని ఉంటుంది. ఆ పొర మీద కంటికి ఆనని నూగు ఉంటుంది. ఆ నూగు సెకనుకి పదిసార్లకు పైగా ఒకే దిక్కుకి కొట్టుకుంటుంది. పొరలోంచి ఊరే పలచని జిగురు దాని మీద తేలుతూ, నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున, నేల నుంచి గోడల మీదుగా పైకి పాకి, తూములోంచి ముక్కులోకి జారుతుంది. అక్కడినించి గొంతులోకి పోతుంది. మనకి తెలియకుండానే మింగేస్తాం. దుమ్ము, వైరస్, బాక్టీరియా అన్నీ ఆ జిగురుకి అంటుకుని బయటికి పోతాయి.

ఇదంతా ఊహేనా అని మీరు అడగొచ్చు. కాదు. ఊహ కాదని తెలిసిన తీరు చెప్పుకోదగ్గది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బుగ్గ సైనస్‌కి ఒక ఆపరేషన్ వచ్చింది. 1893లో న్యూయార్క్‌లో జార్జ్ కాల్డ్‌వెల్, 1897లో పారిస్‌లో హెన్రీ లూక్ ఎవరికి వారు దాన్ని రాశారు. పై పెదవి ఎత్తి, చిగురు మీదుగా ఎముకకి కన్నం చేసి, లోపలి పొర గీకేసి, ముక్కులోకి కిందివైపు ఒక కిటికీ తెరిచేవారు. ఆలోచన తప్పుపట్టేట్టు లేదు. నీళ్లు పల్లానికి పోతాయి కదా, కాబట్టి కింద కన్నం పెడితే చీము దానంతట అదే దిగిపోతుంది. దశాబ్దాల పాటు ప్రపంచమంతా ఇదే చేసింది. కొందరికి తగ్గింది. చాలామందికి కిటికీ తెరిచే ఉన్నా జబ్బు మాత్రం పోలేదు. ఎందుకో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో వాల్టర్ మెసర్‌క్లింగర్ అనే ముక్కు వైద్యుడు ఏళ్ల తరబడి పరిశీలించి చూపించాడు. చనిపోయినవారి శరీరాల్లో కూడా ఆ నూగు కొన్ని గంటలు కదులుతూనే ఉంటుంది. ఆయన దాని మీద జిగురు ఎటు పోతుందో కనిపెట్టాడు. నేల నుంచి బయల్దేరిన జిగురు, ఏ గోడ ఎక్కినా, పైనున్న అసలు తూము దగ్గరికే చేరుతోంది. కింద కొత్తగా తెరిచిన కిటికీ పక్కనించే పోతుంది తప్ప, దానిలోంచి పోదు. నూగుకి పల్లం, మెరక తెలియదు. దానికి తెలిసింది ఒక్క తూమే. 1978లో ఆయన పుస్తకం ఇంగ్లిషులో వచ్చింది. ఆ తర్వాత ఆయన శిష్యుడు హైంజ్ స్టామ్‌బెర్గర్, అమెరికాలో డేవిడ్ కెనెడీ కలిసి, ముక్కులోకి సన్నటి గొట్టం కెమెరా పెట్టి అసలు తూమునే బాగుచేసే ఆపరేషన్‌ని ప్రపంచానికి నేర్పారు. ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ అని ఇప్పుడు మన ఊళ్లలో బోర్డుల మీద కనిపించేది అదే.

ఆ తూము ముక్కులో ఎక్కడికి తెరుచుకుంటుందో కూడా తెలుసుకోవాలి. ముక్కు పక్క గోడకి మూడు మెత్తటి మడతలు వేలాడుతుంటాయి. ముక్కులో కండ పెరిగిందని జనం అనేది చాలాసార్లు వీటినే. అవి పెరిగినవి కావు, అందరికీ ఉండేవే, వాచినప్పుడు పెద్దవిగా కనిపిస్తాయి. వాటిలో నడిమి మడత చాటున ఒక ఇరుకు సందు ఉంది. బుగ్గ గది, నుదుటి గది, కళ్ల మధ్య గూళ్లలో ముందువి, ఇవన్నీ తమ జిగురుని ఆ ఒక్క సందులోకే పంపుతాయి. ఆ సందులో రెండు పొరల మధ్య దూరం మిల్లీమీటర్లలోనే ఉంటుంది. అక్కడ కొద్దిగా వాచినా రెండు పొరలూ అంటుకుంటాయి. ఒక్కచోట వాపు, మూడు చోట్ల గదులు మూత. మూత పడ్డ గదిలో లోపలి గాలిలోని ఆక్సిజన్‌ని పొర పీల్చేస్తుంది, కొత్త గాలి రాదు. నూగు మందగిస్తుంది. జిగురు చిక్కబడుతుంది. నిలిచిన తడిలో బాక్టీరియా పెరుగుతుంది. దాంతో పొర ఇంకా వాస్తుంది. వాస్తే సందు ఇంకా మూసుకుంటుంది. జబ్బు తిరగబెట్టడం అంటే ఈ చక్రం మళ్లీ మళ్లీ మొదలవడమే. కాబట్టి శరీర నిర్మాణానికీ సైనస్ జబ్బుకీ సంబంధం లేదని నేను అనడం లేదు. సంబంధం గట్టిదే. కానీ ఆ సంబంధం ఈ సందు దగ్గర ఉంది. దూలం దగ్గర కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. స్కాన్‌లో దూలం వంకర కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది కదా, దాన్ని కాదంటే ఎలా? కనిపించడం నిజమే. కానీ జబ్బు లేనివాళ్లకి స్కాన్ తీసి చూడండి. కంటికో మెదడుకో తీసిన స్కాన్లలో ముక్కు కూడా పడుతుంది. అలాంటివాటిని సైనస్ రోగుల స్కాన్లతో పోల్చి చూసిన పరిశీలనలు చాలా వచ్చాయి. వంకర దూలం, గాలి నిండిన మడత లాంటి తేడాలు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగానే కనిపించాయని వాటిలో ఎక్కువ భాగం చెప్పాయి. యూరప్ ముక్కు వైద్యులు 2020లో ప్రకటించిన మార్గదర్శకాలు కూడా దీర్ఘకాలపు సైనస్ జబ్బుకి ఈ ఎముక తేడాలే మూలమని చెప్పడానికి గట్టి ఆధారం లేదనే అన్నాయి. నిజానికి గీత గీసినట్టు తిన్నగా ఉండే దూలం అరుదు. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. ముప్ఫై అయిదేళ్ల మనిషికి అయిదేళ్లుగా సైనస్ బాధ ఉందనుకుందాం. దూలం వంకర మాత్రం కుర్రతనం నుంచీ ఉంది. మరి అంతకుముందు ఆ వంకర ఏం చేస్తున్నట్టు? సంవత్సరంలో బాగున్న ఎనిమిది నెలలూ అది ఎక్కడికి పోయినట్టు? ఎముక రోజూ మారదు. రోజూ మారేది పొర. జబ్బు వచ్చి పోతూ ఉంటే, వచ్చి పోయేదాన్నే ముందు అనుమానించాలి. దూలం వంకర వల్ల ఒకవైపు గాలి సరిగా ఆడకపోవచ్చు. అది వేరే బాధ, దానికి వేరే వైద్యం ఉంది. పోనీ, ముక్కు ఒకవైపు మూసుకుపోయి కాసేపటికి రెండోవైపు మూసుకుపోతే? అది వంకర పని కాదు. ఆరోగ్యంగా ఉన్న ముక్కులో కూడా కొన్ని గంటలకోసారి ఒక పక్క మడతలు ఉబ్బి, రెండో పక్కవి తగ్గుతాయి. జలుబు చేసినప్పుడు ఆ వంతులు మనకి తెలుస్తాయి, అంతే.

అయితే ఎముక తేడాలన్నీ అమాయకమైనవి అనుకోవడం కూడా తప్పే. కొన్ని సరిగ్గా ఆ సందు పక్కనే ఉంటాయి. కంటి గూటి కింద, బుగ్గ గది తూముకి ఆనుకుని కొందరికి ఒక అదనపు గూడు ఉంటుంది. అది తూము దారిని సన్నం చేస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు, అంతకన్నా ఎక్కువగా జబ్బు పడుతూ, నడుమ పూర్తిగా కోలుకునేవాళ్లలో ఇలాంటి గూళ్లు, ఇరుకు దారులు మిగతావాళ్లలో కన్నా ఎక్కువ కనిపించాయని చెప్పిన పరిశీలన ఉంది. ఇది వింటే నా వాదన బలహీనపడినట్టు అనిపించవచ్చు. నిజానికి బలపడుతోంది. ఎముక తూము దగ్గర ఉంటేనే లెక్కలోకి వస్తోంది. మరికొందరికి అసలు తూముకి తోడు రెండో కన్నం ఒకటి ఉంటుంది. రెండు దారులుంటే మేలే కదా అనుకుంటాం. కానీ అసలు తూములోంచి బయటపడిన జిగురు, ఆ రెండో కన్నంలోంచి తిరిగి లోపలికే పోయి, అక్కడక్కడే తిరుగుతుంటుంది. కాబట్టి స్కాన్ రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఏం తేడా ఉందని కాకుండా, ఆ తేడా ఎక్కడుందని అడగండి. తూము దగ్గరా, తూముకి దూరంగానా? ఆ స్కాన్ కూడా జలుబు ముదిరిన రోజున తీస్తే ఉపయోగం తక్కువ. మామూలు జలుబులో కూడా సైనస్‌లు మసకగా కనిపిస్తాయి.

బుగ్గ గది నేల సంగతి కూడా చెప్పాలి. దాన్ని చాలామంది మరిచిపోతారు. ఆ గదికి నేల అంటే మన పై దవడే. పై దంతాల్లో వెనకవాటి వేళ్లు ఆ నేలకి ఆనుకుని ఉంటాయి. కొందరిలో వేరు కొనకీ గదికీ మధ్య పలచని ఎముక రేకు తప్ప ఏమీ ఉండదు. పుచ్చిన పంటి వేరు దగ్గర చీము పడితే అది పైకి, గదిలోకి ఎక్కుతుంది. అప్పుడు తూము తెరిచి ఉన్నా ప్రయోజనం లేదు, నేలలోంచే మురికి ఊరుతుంటే ఎంత ఊడ్చినా తరగదు. దీనికి రెండు గుర్తులున్నాయి. బాధ ఒకవైపే ఉంటుంది. చీమిడి దుర్వాసన వేస్తుంది. పన్ను నొప్పి ఉండాలని లేదు, చచ్చిపోయిన పన్ను నొప్పెట్టదు. ఎప్పుడూ ఒకే బుగ్గలో తిరగబెట్టే సైనస్‌కి ముక్కు డాక్టరుతో పాటు పళ్ల డాక్టరుని కూడా చూడాలి. ఆ పన్నుకి వైద్యం జరగనంత కాలం ముక్కుకి ఎన్ని మందులు వాడినా డబ్బు దండగ.

ఇప్పుడు పొర విషయానికి వద్దాం. నూగు ఎంత చురుగ్గా ఊడుస్తోందో తెలుసుకోవడానికి వైద్యులు ఒక సులువైన పరీక్ష చేస్తారు. శాకరిన్ అనే తియ్యటి పదార్థాన్ని ఒక చిన్న రేణువంత ముక్కు లోపల ముందుభాగంలో పెడతారు. మనిషిని పీల్చకుండా, చీదకుండా కూచోమంటారు. నూగు ఆ తీపిని జిగురుతో పాటు వెనక్కి మోసుకుపోతుంది. నాలుకకి తీపి తగిలేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న ముక్కులో మామూలుగా 20 నిమిషాల లోపే తెలుస్తుంది. అరగంట దాటితే నూగు నీరసించిందని అర్థం. నీరసం ఎందుకొస్తుంది? వైరస్ జలుబు ఆ నూగుని కొన్నాళ్లు రాల్చేస్తుంది. పొగాకు పొగ, కట్టెల పొయ్యి పొగ, ఊరి దుమ్ము దాన్ని నిత్యం దెబ్బతీస్తాయి. ఎలర్జీ ఉన్నవాళ్లకి పరుపులోని దుమ్ము పురుగు చాలు, పొద్దున్న లేవగానే పది తుమ్ములు, ముక్కంతా వాపు. ఆస్త్మా ఉన్నవాళ్లకి ముక్కు పొర కూడా అదే తరహాలో వాస్తుంటుంది. కొందరికి ఆ వాపు ముదిరి, ద్రాక్షపండు రంగులో నీటి తిత్తులు వేలాడతాయి. వాటిని పాలిప్స్ అంటారు. అవి సరిగ్గా ఆ ఇరుకు సందులోంచే మొలుస్తాయి. పుట్టుకతోనే నూగు కదలనివాళ్లు, రోగనిరోధక శక్తి లోపించినవాళ్లు కొద్దిమంది ఉంటారు. చిన్నప్పటినించీ చెవి, ముక్కు, ఊపిరితిత్తులు మూడూ తరచూ చెడుతుంటే ఆ దిశగా పరీక్షలు అవసరం.

యాంటీబయాటిక్ వేస్తే తగ్గుతోంది కదా, ఈ తూముల గొడవ ఎందుకు అంటారు కొందరు. ఇది బలమైన అభ్యంతరమే, ఎందుకంటే తగ్గడం కళ్ల ముందు కనిపిస్తుంది. కానీ పెద్దవాళ్లకి వచ్చే వైరస్ జలుబుల్లో బాక్టీరియా సైనస్ జబ్బుగా మారేవి నూటికి రెండు కూడా ఉండవు. మిగతావి మాత్ర వేసినా వారం, వేయకపోయినా వారం. తగ్గబోయే రోజుల్లో వేసిన మాత్రకి ఆ పేరు దక్కుతుంది. చీమిడి పచ్చగా మారితే బాక్టీరియా చేరినట్టే అన్నది కూడా నిజం కాదు. ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లో ఉండే పదార్థం వల్ల వస్తుంది. వైరస్ జలుబులో కూడా మూడో నాలుగో రోజుకి చీమిడి పచ్చబడుతుంది. పది రోజులు దాటినా తగ్గకపోతే, కాస్త తగ్గి ఒక్కసారిగా ఎక్కువైతే, మొదటినించే పెద్ద జ్వరం, ముఖం నొప్పి ఉంటే, అప్పుడు బాక్టీరియాని అనుమానించి డాక్టరు యాంటీబయాటిక్ రాస్తారు. అప్పుడు దాన్ని పూర్తిగా వాడాలి. మందుల షాపులో అడిగి మూడు రోజుల మాత్రలు తెచ్చుకోవడం వైద్యం కాదు. యాంటీబయాటిక్ బాక్టీరియాని చంపగలదు. మూసుకున్న తూముని తెరవలేదు. అందుకే తిరగబెడుతుంది.

తలనొప్పి గురించి కూడా ఒక్క మాట. తమది సైనస్ తలనొప్పి అని నమ్మే 2991 మందిని అమెరికాలో పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో నూటికి 88 మందికి ఉన్నది మైగ్రేన్, అంటే మనం పార్శ్వపు నొప్పి అనేది. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారుతుంది, కళ్లు నీళ్లు పెట్టుకుంటాయి, ముఖం బరువెక్కుతుంది. కాబట్టి చీమిడి లేదు, దిబ్బడ లేదు, వాసన బాగానే తెలుస్తోంది, ఒక్క తలనొప్పే ఉందంటే, ముక్కు లోపల వెతకడం మానేయాలి. స్కాన్‌లో దూలం వంకర కనిపించింది కదా అని అలాంటివాళ్లు ఆపరేషన్‌కి ఒప్పుకుంటే దూలం తిన్నగా అవుతుంది, తలనొప్పి అలాగే ఉంటుంది.

మరి ఇంట్లో ఏం చేయాలి? తూము తెరిచి ఉంచాలి, పొరని శుభ్రంగా ఉంచాలి. మళ్లీ చెబుతున్నా. తూము తెరిచి ఉంచాలి, పొరని శుభ్రంగా ఉంచాలి. దీనికి అన్నిటికన్నా చవకైన పని ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం. యోగాసనాలు నేర్పేచోట జలనేతి అని చేయించేది ఇదే. పావు లీటరు నీళ్లకి టీ చెంచాలో సగానికి కొంచెం తక్కువగా ఉప్పు. సింకు మీదికి వంగి, తల ఒక పక్కకి వాల్చి, నోటితో గాలి పీలుస్తూ, పై ముక్కులో పోస్తే కింది ముక్కులోంచి వస్తుంది. మందుల షాపుల్లో దీనికి సీసాలు, కొలిచి కట్టిన ఉప్పు పొట్లాలు దొరుకుతాయి. కానీ నీళ్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. కుళాయి నీళ్లు పనికిరావు. క్యాన్ నీళ్లు, ఫిల్టర్ నీళ్లు కూడా మరగబెట్టాల్సిందే. బాగా తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం మరిగించి, మూత పెట్టి, గోరువెచ్చగా చల్లారాక వాడండి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు, మెదడుని తినే ఒక అమీబా సోకి చనిపోయారు. అవే నీళ్లు తాగితే ఆ అమీబా ఏమీ చేయదు. ముక్కులోంచి వెళితేనే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటిది చాలా అరుదు. అయినా ఒక్క నిమిషం గ్యాసు ఖర్చుకి వెనకాడి ఆ ముప్పు తెచ్చుకోవద్దు. ఇక ఆవిరి. పసుపు వేసి పట్టినా, ఆకు వేసి పట్టినా, కాసేపు హాయిగా ఉంటుంది. జబ్బుని తగ్గిస్తుందనడానికి ఆధారం తక్కువ. మరుగుతున్న గిన్నె ముందు పిల్లల్ని దుప్పటి కప్పి కూచోబెట్టవద్దు, గిన్నె ఒలికి కాలిన కేసులు ఆస్పత్రులకి వస్తూనే ఉంటాయి.

ఎలర్జీ వాపు ఉన్నవాళ్లకి డాక్టర్లు స్టెరాయిడ్ స్ప్రే రాస్తారు. స్టెరాయిడ్ అనగానే భయపడేవాళ్లున్నారు. ముక్కులో కొట్టే మందు మోతాదు చాలా తక్కువ, ఒంట్లోకి చేరేది ఇంకా తక్కువ. దాన్ని కొట్టే తీరులోనే చాలామంది పొరబడతారు. సీసా మొనని మధ్యలోని దూలం వైపు తిప్పితే మందు దూలానికి తగిలి, అక్కడ ఎండి, రక్తం చెమరుస్తుంది. తూము ఉన్నది పక్క గోడలో. కాబట్టి కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టండి. మొన దానంతట అదే బయటివైపు, అదే వైపు చెవి దిక్కుకి తిరుగుతుంది. గట్టిగా ఎగబీల్చవద్దు, మందు గొంతులోకి పోతుంది. ఉప్పునీళ్లతో కడుక్కున్నాక కొడితే మందు పొరకి తగులుతుంది. ఇది కొట్టగానే ముక్కు తెరుచుకోదు, పని కనిపించడానికి వారం రెండు వారాలు పడుతుంది. కొట్టగానే తెరుచుకునేవి వేరే చుక్కలు. వాటిని అయిదారు రోజులకి మించి వాడితే, ఆపిన వెంటనే ముక్కు ఇదివరకటికన్నా ఎక్కువ దిబ్బడ వేస్తుంది. మళ్లీ వేస్తారు. అలా ఏళ్ల తరబడి జేబులో ఆ సీసా లేకుండా గడప దాటలేనివాళ్లు ఉన్నారు. వాళ్లకి ఉన్నది సైనస్ జబ్బు కాదు, చుక్కల జబ్బు.

ఆపరేషన్ వద్దంటున్నానా అంటే, కాదు. కొన్ని వారాలు శ్రద్ధగా కడుక్కుని, స్ప్రే వాడి, పన్ను చూపించుకుని, పొగ మానేసినా జబ్బు వదలకపోతే, ఎండోస్కోప్‌లోనో స్కాన్‌లోనో తూము మూసుకుపోయినట్టు రుజువైతే, ఆపరేషన్ మంచి వైద్యమే. ఆపరేషన్ చేయించుకున్నా తిరిగొస్తుందట కదా అని మీరు వినే ఉంటారు. కొందరికి వస్తుంది, ముఖ్యంగా పాలిప్స్, ఆస్త్మా ఉన్నవాళ్లకి. ఎందుకంటే కత్తి తూముని వెడల్పు చేస్తుంది కానీ పొర స్వభావాన్ని మార్చదు. ఆ పొరని చూసుకోవాల్సింది ఉప్పునీళ్లు, స్ప్రేలే. వెడల్పైన తూములోంచి అవి ఇప్పుడు గది లోపలిదాకా వెళతాయి. ఆపరేషన్ వల్ల వచ్చే లాభంలో పెద్ద వాటా అదే. అందుకని ఆపరేషన్ అయిపోయింది, ఇక స్ప్రే ఎందుకని మానేసేవాళ్లు సగం లాభాన్ని అక్కడే వదిలేసుకుంటున్నట్టు.

చివరిగా, ఈ గదులకి ఇరుగుపొరుగు ఎవరో గుర్తుంచుకోండి. కళ్ల మధ్య గూళ్లకీ కంటికీ నడుమ గోడ కాగితమంత పలచన. నుదుటి గది వెనక గోడకి అవతల మెదడు. కంటి చుట్టూ వాపు, ఎరుపు వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, చూపు మసకబారినా, పెద్ద జ్వరంతో మెడ బిగుసుకున్నా, మత్తుగా మాట తడబడినా, కడుక్కోవడాలు, స్ప్రేలు పక్కన పెట్టి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. షుగరు అదుపులో లేనివాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వ్యాపించినప్పుడు హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చినవారిలో చాలామంది షుగరు రోగులే. ఆ ఫంగస్ కూడా సైనస్‌ల దారినే కంటికి, మెదడుకి పాకింది. కాబట్టి షుగరు ఉన్నవాళ్లకి ముఖం ఒకవైపు మొద్దుబారినా, ముక్కులోంచి నల్లటి పెచ్చులు వచ్చినా, పై పళ్లు ఉన్నట్టుండి కదిలినా, తెల్లారేదాకా ఆగవద్దు.